పంచకం కారు

జగ్గయ్యపేటలో వరప్రసాదరావు వాకిట్లో ఉన్న అంబాసిడర్‌ని ఎవరూ అంబాసిడర్ అనరు. పంచకం కారు అంటారు. ఆ వీధికి దారి చెప్పేటప్పుడు కూడా "పంచకం కారు దాటాక రెండో సందు" అంటారు. అలా చెప్పేవాళ్ళలో సగం మంది దాన్ని కళ్ళతో చూసినవాళ్ళు కారు. చూద్దామని షెడ్డు దాకా వచ్చినవాడు అసలే లేడు.

తొమ్మిదేళ్ళ కిందట అతని భార్య దుర్గాంబ ఆ కారులో పోయింది. అప్పట్నించీ దాని తలుపులు తీయలేదు. తాళంచెవి వరప్రసాదరావు మొలతాడుకి వేలాడుతూ ఉంటుంది. స్నానానికి వెళ్ళినా విప్పడు.

మొన్న భాద్రపదంలో పడ్డ వానలకి షెడ్డు రేకులు విరిగి కారు టాపు మీద పడ్డాయి. వరప్రసాదరావు ఒక్కడే ముక్కలన్నీ ఏరి, పైన నీలం పట్టా కప్పి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టాడు. పక్కవాటాలో ఉన్న తమ్ముడు కిషోర్‌బాబు కిటికీలోంచి చూశాడు గాని సాయానికి రాలేదు. రమ్మని ఇతనూ అనలేదు. ఒకే వాకిలి, నడుమ ఒకే గోడ. అన్నదమ్ముల మధ్య మాటల్లేవు. ఉప్పూ పప్పూ అంటే తమ్ముడి పెళ్ళాం వచ్చి గుమ్మంలో పెట్టి పోతుంది. ఆ గిన్నెని అతను కడిగి అదే గుమ్మంలో పెడతాడు.

రేకులు పడ్డాక కూతురు కృష్ణప్రియ పట్టుకుంది. నందిగామ కాలేజీలో లెక్కలు చెబుతుంది. తండ్రి దగ్గర కూడా ఆ గొంతే.

"బాగు చేయించు నాన్నా. లేదా అమ్మెయ్. రెండూ కాకుండా కుళ్ళబెడితే ఊరుకోను."

వారం వారం ఫోన్లో ఇదే. అతను ఊఁ అనడు, ఉహూఁ అనడు. మిర్చి ధర పడిపోయిందంటాడు, ఫోను పెట్టేస్తాడు. కార్తీకం వెళ్ళి చలి ముదిరాక ఒక ఆదివారం ఆమె చెప్పకుండా దిగింది, వెంట ఎడ్విన్ అనే మనిషిని తీసుకుని. విజయవాడలో పాతకార్లు కొని, బాగుచేసి, పెళ్ళి ఫొటోలకి అద్దెకిస్తాడట. ఎవరైనా తమ పాతబండిని బాగుచేసి ఇమ్మన్నా చేసి ఇస్తాడట.

ఎడ్విన్ పట్టా ఎత్తి చూశాడు. చుట్టూ తిరిగాడు. ముందు బంపరు మీద చెయ్యేసి నిమిరాడు, గేదెని బేరానికి చూసేవాడిలా.

"మార్క్ టూ అండి. గ్రిల్లు ఒరిజినల్. ఇట్లాంటిది ఈ జిల్లాలో ఇంకోటి ఉంటే నా పేరు మార్చుకుంటా."

"ఎన్ని పేర్లు మార్చుకున్నావు ఇప్పటికి?" అన్నాడు వరప్రసాదరావు.

ఎడ్విన్ నవ్వాడు. "తాళం ఇవ్వండి బాబాయిగారూ, లోపల చూద్దాం."

"బయట్నించి చూసి చెప్పు."

"పెళ్ళిచూపులకి పిలిచి పిల్లని గోడమీంచి చూడమన్నట్టుందండి."

"గోడమీంచే చూడు. దీన్ని తీసుకెళ్ళి ఏం చేస్తావు?"

"ముక్త్యాలలో కృష్ణ ఒడ్డున పెడతానండి. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఆనుకుని నిలబడతారు. ఫొటోలు తీసుకుంటారు."

"పెళ్ళికి ముందా?"

"ముందేనండి. తర్వాత అంత నవ్వరు కదా."

కృష్ణప్రియ నవ్వాపుకుంది. తండ్రి మొహంలో ఏమీ కదల్లేదు.

"నేను ఇందులోనే డ్రైవింగ్ నేర్చుకున్నా," అంది ఆమె ఎడ్విన్‌తో. "మా అమ్మ నేర్పింది. అమ్మడం నాకిష్టం లేదు. ఇంజను తిరిగేట్టు చెయ్యండి, నేను నందిగామ తీసుకుపోతా."

"ఇంజను పట్టేసి ఉంటుంది మేడమ్. కింద రేకు తినేసి ఉంటుంది. చేయొచ్చు, చేయకపోవడమేం. కొనుక్కోమన్నా కొంటా. ఏదైనా ముందు తలుపు తీయాలి కదా? హ్యాండ్‌బ్రేకు వేసుంది, చూడండి. అది దించకపోతే చక్రం కదలదు."

ముగ్గురూ అద్దంలోంచి చూశారు. దుమ్ము వెనక ముందుసీటు లీలగా కనబడింది. సీటంతా ఒకటే బల్లలా ఉంటుంది ఆ బండికి. అది బాగా ముందుకి, స్టీరింగుని తగిలేంత దగ్గరికి జరిగి ఉంది.

"ఎవరండీ అంత పొట్టివాళ్ళు తోలింది?" అన్నాడు ఎడ్విన్.

కృష్ణప్రియ పట్టా అంచు కిందికి లాగింది. అతను తప్పుగా అడిగానని గ్రహించి, వచ్చే ఆదివారం లారీ తీసుకొస్తానని, ఆలోగా అమ్మకమో బాగుచేయడమో తేల్చి చెప్పమని వెళ్ళిపోయాడు.

కృష్ణప్రియ వెళ్ళేముందు చెప్పింది. "అమ్మ ఇందులో కూర్చుని లేదు నాన్నా."

"నీకెట్లా తెలుసు?" అన్నాడు అతను.

*

దుర్గాంబది రెడ్డిగూడెం. వాళ్ళ నాన్నకి మామిడితోటలూ, తోటల్లో తిరగడానికి ఓ జీపూ ఉండేవి. గౌను వేసుకునే వయసులోనే జీపు తోలింది. కాపురానికొచ్చాక, సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసరొకాయన బదిలీ మీద పోతూ ఈ కారు అమ్ముతున్నాడని తెలిసి, తన పేర తండ్రి వేసిన డబ్బు తీయించి కొనిపించింది. ఆరోజుల్లో పేటలో ఆడమనిషి కారు తోలడమంటే జనం కొట్లముందు లేచి నిలబడి చూసేవారు. వరప్రసాదరావు తోలడం నేర్చుకోలేదు. ఎందుకు నేర్చుకోలేదంటే, ఆమె తోలుతుంది కాబట్టి. ఎడమపక్కన కూర్చునేవాడు. ఆమె కాళ్ళకి పెడళ్ళు అందాలంటే సీటంతా ముందుకి జరగాలి. అది జరిగితే అతనూ జరగాలి. ఆ లివరు ఏనాడో బిగుసుకుపోయింది. కాపురం చేసినన్నాళ్ళూ మోకాళ్ళు డాష్‌బోర్డుకి ఆనించుకునే ఊళ్ళు తిరిగాడు.

"కాస్త వెనక్కి జరగవే, మోకాళ్ళు విరుగుతున్నయ్," అనేవాడు.

"దిగి నడవండి," అనేది ఆమె.

వీధిలో ఎవరికి నొప్పులొచ్చినా ఆ కారే. పాము కరిచినా ఆ కారే. వేదాద్రి మొక్కులకీ ఆ కారే. కిషోర్‌బాబు పెళ్ళానికి నెల తక్కువలో నొప్పులొస్తే నందిగామ బయల్దేరదీసింది. ఊరు చేరేలోగానే వెనకసీట్లో పురుడైపోయింది. ఆ పిల్లే గీతాంజలి. దుర్గాంబ బండి పక్కకి ఆపి, తన పైటచెంగుతో బిడ్డని తుడిచి, మళ్ళీ ఎక్కి తోలింది.

ఆ గీతాంజలికే పెళ్ళి కుదిరి, కిషోర్‌బాబు శుభలేఖలు పంచడానికి ఊళ్ళు తిరుగుతున్న వైశాఖమాసంలో, మిట్టమధ్యాహ్నం దుర్గాంబకి గుండెల్లో పట్టేసింది. 108కి చేస్తే వస్తున్నామన్నారు. ఆమె ఆగలేదు.

"అది వచ్చేలోగా నందిగామ చేరతాం. పదండి, నేనే తోలతా."

అతను ఎక్కి కూర్చున్నాడు. వేరే ఏం చేయగలడు? చిల్లకల్లు టోల్‌గేటు దాటారు. ఎండకి రోడ్డు మెరుస్తోంది. అంబారుపేట ఇంకా రాకముందే ఆమె బండి నెమ్మది చేసి మార్జిన్‌లోకి దించింది. ఇంజను ఆపింది. హ్యాండ్‌బ్రేకు లాగింది. తాళంచెవి తీసి అతని అరచేతిలో పెట్టింది.

"కాసేపు ఆగుదామండి."

ప్రతి వేసంగిలో ఆ దారిలో ఎక్కడో ఒకచోట ఇంజను కాగితే ఆపడం, అతను దిగి నీళ్ళు పోయడం మామూలే. బండి విషయంలో అతను చేసే పని అదొక్కటే. ఆవేళా సీసా పట్టుకుని దిగాడు. బానెట్ ఎత్తాడు. రేడియేటరు మూతకి తువ్వాలు చుట్టి తిప్పాడు, పొగ పోయేదాకా ఆగాడు, నీళ్ళు పోశాడు. మూత బిగించాడు. బానెట్ దించితే అద్దం వెనక ఆమె అతనివైపే చూస్తోంది. చెయ్యి ఊపాడు, అయిపోయిందని.

ఆ చూపు మారలేదు.

సిమెంటు లారీవాళ్ళు ఆగారు. ఆమెని వెనకసీట్లో పడుకోబెట్టి, క్లీనరు ముడుచుకుని కూర్చుని ఇంటిదాకా తోలుకొచ్చాడు. "ఈ సీటేంటండీ వెనక్కి పోదు," అని దారి పొడుగునా ఒకటే గొణుగుడు. ఆ గొణుగుడు వరప్రసాదరావుకి ఇప్పటికీ వినబడుతుంది.

అసలు కథ ఆ తర్వాత నడిచింది. బయట పోయిన మనిషిని గడప దాటించకూడదన్నారు. ఆమె దగ్గరుండి ఇటుక ఇటుకా పేర్పించిన ఇల్లు. ఆమెని వాకిట్లో చాప మీద పెట్టారు. పురోహితుడు ఉమాకాంతం వచ్చి పంచాంగం తిప్పి ధనిష్ఠాపంచకం అన్నాడు. ఆ నక్షత్రాల్లో పోతే ఇల్లు ఆరునెలలు మూసెయ్యాలి, మనుషులు వేరేచోటికి పోవాలి. మూయకపోతే ఆ ఇంట్లో ఇంకొకళ్ళకి మూడుతుందని భయం. కిషోర్‌బాబు మొహం పాలిపోయింది. ఇల్లు మూసేస్తే పిల్ల పెళ్ళి ఎక్కడ చెయ్యాలి? అతనే తేల్చుకుని అతనే అడిగాడు.

"ప్రాణం పోయింది కార్లో కదా పంతులుగారూ, ఇంట్లో కాదుగా?"

ఉమాకాంతం ఆలోచించాడు. పెద్దవాళ్ళు ఇద్దరు ముగ్గురు గొంతు కలిపారు. ప్రాణం ఎక్కడ విడిస్తే దోషం అక్కడిదే అని తీర్పు చెప్పారు. చివరికి కారుని మూసెయ్యాలన్నారు. షెడ్డులోకి నెట్టి, అద్దాలు ఎక్కించి, తలుపులు బిగించారు. ఇంజను ముట్టుకోవడానికి కూడా అప్పుడు ఎవరికీ ధైర్యం లేదు, గేరు తప్పించి నెట్టి, మళ్ళీ హ్యాండ్‌బ్రేకు లాగారు. అందరూ ఒక్క నిట్టూర్పు విడిచారు. ఇల్లు బతికింది. శ్రావణంలో ఆ ఇంట్లోనే పందిరేసి గీతాంజలి పెళ్ళి చేశారు.

ఆరునెలలయ్యాక శాంతి చేయించి తలుపు తీద్దామని ఉమాకాంతం వచ్చాడు. వరప్రసాదరావు తీయనన్నాడు.

"ఎందుకయ్యా?"

"మీరు మూయమన్నారు, మూశాను. తీయడం నా ఇష్టం."

అతనికి దేవుడి మీద అంతంతమాత్రం నమ్మకం, పంచాంగం మీద అదీ లేదు. అయినా ఒక్క సంగతి అతని బుర్రలో దిగబడిపోయింది. వాళ్ళ లెక్క నిజమైతే ఆమె ఆ కారులో ఉంది. తలుపు తీస్తే పోతుంది. వాళ్ళ లెక్క అబద్ధమైతే, ఆమెని వాకిట్లో పడేయడం కూడా అబద్ధపు లెక్కే. రెంటిలో ఏది నిజమైనా వాళ్ళని క్షమించేది లేదు.

రోజూ మధ్యాహ్నం షెడ్డులో, కారు ఎడమ తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. తన చోటు అది. పేపరు చదువుతాడు. పత్తి రేటు చెబుతాడు. కృష్ణప్రియ మీద చాడీలు చెబుతాడు. అవతలినించి మాట రాదు. కానీ చలికాలం తెల్లవారుజామున వెళ్ళి చూస్తే, కారు కుడివైపు అద్దానికి లోపలినించి ఆవిరి పట్టి ఉంటుంది. కుడివైపు ఒక్కదానికే. అది కూడా పొట్టిమనిషి నోటి ఎత్తున, పళ్ళెమంత మేర. ఎండ వచ్చేసరికి ఆరిపోతుంది. ఈ మాట అతను ఎవరితోనూ అనలేదు.

*

బుధవారం పొద్దున్న కిషోర్‌బాబు షెడ్డు దగ్గరికొచ్చాడు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి. కారుకి బారెడు దూరంలో ఆగాడు.

"అన్నయ్యా."

వరప్రసాదరావు పేపరు దించలేదు.

"కారు పంపించేస్తున్నావంటగా. మంచిదే. ఒక్క మాట. ఇక్కడ తలుపు తీయమాకు. ఆ ఎడ్విన్‌ని క్రేను తెచ్చుకోమను, మూసింది మూసినట్టు ఎత్తి లారీలో పెట్టుకుంటాడు. క్రేను కిరాయి నేనిస్తా. విజయవాడ తీసుకుపోయి అక్కడ తీసుకోనీ, తగలేసుకోనీ."

"ఎందుకు?"

"ఎందుకేంటి? అమ్మాయి పురిటికొచ్చింది. ఏడోనెల. ఎన్నేళ్ళకి నిలబడిందో నీకు తెలవదా? రెండుసార్లు పోయింది. తిరగని డాక్టరు లేడు. శాంతి చెయ్యకుండా నువ్వు దీన్నిట్లా పెట్టుకు కూర్చున్నావు, మా మీద పడింది."

వరప్రసాదరావుకి తెలుసు. గోడకవతల ఆ పిల్ల ఏడుపు రెండుసార్లూ విన్నాడు. మొదటిసారి విన్నప్పుడు పేపరు పక్కన పెట్టి చెవి ఒగ్గాడు. జాలి కాదు అది. తగిన శాస్తి జరిగిందన్న తృప్తి. తనలో అలాంటిది ఉందని అతను ఆశ్చర్యపోలేదు. సిగ్గూ పడలేదు.

"నీ కూతురు ఎక్కడ పుట్టింది?" అన్నాడు.

కిషోర్‌బాబు తల దించుకున్నాడు.

"చెప్పు. ఈ కారు వెనకసీట్లో పుట్టింది. ఆవేళ పంచాంగం చూశావా? నెత్తురు కడిగింది ఎవరు? దాన్నే వాకిట్లో పడుకోబెట్టి, దాని కారుకి పాడు అంటగట్టి, దాని ఇంట్లో పందిరేసుకున్నావు."

"తప్పే అనుకో. ఇప్పుడేం చెయ్యమంటావు? కాళ్ళు పట్టుకోనా?"

"అక్కర్లేదు. ఆదివారం తలుపు తీస్తా. ఇక్కడే తీస్తా."

అంతవరకూ అతనికే తెలియదు తీస్తానని. నోట్లోంచి వచ్చాక తెలిసింది. కిషోర్‌బాబు రెండడుగులు వెనక్కి వేశాడు.

"అన్నయ్యా, పసిగుడ్డు మీద కక్షా?"

"నీ నమ్మకం నీది. నాకు నమ్మకం లేదుగా. నాది కక్షెట్లా అవుతుంది?"

తమ్ముడు వెళ్ళిపోయాడు. వరప్రసాదరావు అద్దంవైపు తిరిగి, "విన్నావా?" అన్నాడు. ఎప్పుడూ లేంది ఆ మధ్యాహ్నం కారు లోపల చీకటిగా కనబడింది. చెవి ఆనించి చూశాడు. రేకు చల్లగా ఉంది. లోపల చిన్న టక్ మన్న చప్పుడు, ఇంజను చల్లారేటప్పుడు వస్తుందే, అట్లాంటిది. తొమ్మిదేళ్ళ కిందట ఆగిన ఇంజను.

ఆ మూడు రోజులూ అతనికి అన్నం సయించలేదు. తీస్తే తమ్ముడి గుండె పగులుతుంది, అది కావాలి. తీస్తే ఆమె పోతుంది, అది వద్దు. మూసి పంపిస్తే ఆమె ముక్త్యాల ఒడ్డున ముక్కూమొహం తెలియని వాళ్ళ ఫొటోల్లో నిలబడుతుంది. అది అసలే వద్దు. బాగుచేయిస్తే కూతురు ఆ సీటు వెనక్కి జరుపుతుంది. కృష్ణప్రియ తండ్రి పోలిక, పొడుగు. కూర్చోగానే చేసే మొదటి పని అదే.

*

ఆదివారం ఎడ్విన్ లారీతో వచ్చాడు. కృష్ణప్రియా వచ్చింది. కిషోర్‌బాబు క్రేను మాట్లాడి వీధి చివర నిలబెట్టాడు, అన్న మనసు మారితే ఒక్క కేకకి వచ్చేలా. గీతాంజలిని పొద్దున్నే నందిగామ పంపించేద్దామని ఆటో పిలిచాడు కూడా. ఆమె ఎక్కలేదు. గోడ పట్టుకుని మెల్లిగా నడుచుకుంటూ షెడ్డు దగ్గరికే వచ్చింది.

"లోపలికి పో," అన్నాడు కిషోర్‌బాబు.

"నువ్వాగు నాన్నా." ఆయాసపడుతూ వరప్రసాదరావు కుర్చీలో కూలబడింది. అతని కుర్చీలో. ఆ కుర్చీలో ఇంకొకళ్ళు కూర్చోవడం అదే మొదటిసారి. "తియ్యి పెదనాన్నా. ఎవరిగురించి చూస్తున్నావు? నాగురించా? నాగురించైతే తియ్యి."

"నీకు భయం లేదా?" అంది కృష్ణప్రియ.

"ఎందుకు లేదక్కా. ఉంది. మూసిపెట్టిన తొమ్మిదేళ్ళూ భయపడ్డా. తీస్తే ఇంతకంటే ఏం భయపడతా? పెద్దమ్మ నన్ను తుడిచి ఎత్తుకుంది. ఆమె నన్నేం చేస్తుంది?"

వరప్రసాదరావు ఆ పిల్లని చూశాడు. బుధవారం నించి నూరుకున్న కత్తి ఒక్కసారిగా మొద్దుబారిపోయినట్టయింది. భయపడేవాణ్ణి భయపెట్టొచ్చు. తీయమని తనే వచ్చి కూర్చున్నదాన్ని ఏం చేస్తాడు? క్రేను పిలవమంటే తమ్ముడు గెలుస్తాడు. తలుపు తీస్తే ఈ పిల్ల గెలుస్తుంది. తను గెలిచే దారి ఎక్కడా లేదు.

మొలతాడు నించి తాళంచెవి విప్పాడు. ముడి బిగిసిపోయి ఉంటే పళ్ళతో లాగాడు.

ఎడమ తలుపు తాళం మొరాయించింది. ఎడ్విన్ ఏదో నూనె చల్లాడు. రెండోసారికి తిరిగింది. తలుపు కిర్రుమని విడిపోయింది. లోపలినించి ఎలకల కంపు, బూజు, మగ్గిన తోలు వాసన. కిషోర్‌బాబు కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని, కూతురికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. ఏమీ జరగలేదు. వీధిలో కూరలబండివాడు వంకాయలని అరుస్తూ పోయాడు.

వరప్రసాదరావు వంగి, లోపలికెక్కి, తన చోట కూర్చున్నాడు.

మోకాళ్ళు డాష్‌బోర్డుకి తగల్లేదు.

కిందికి చూసుకున్నాడు. జానెడు సందు ఉంది. కాళ్ళు సాచాడు. సాగాయి. కాపురం చేసినన్నాళ్ళూ సాగని కాళ్ళు.

"సీటు ఎవరు జరిపారు?" అన్నాడు.

ఎడ్విన్ అవతల కిటికీలోంచి టార్చి వేశాడు, తర్వాత ఇవతలికొచ్చి వంగి లివరు లాగి చూశాడు. "జరిపేదేముందండీ, తుప్పుపట్టి రాయైపోయింది. సుత్తి పెట్టి కొట్టినా కదలదు."

"వయసైపోతే మనిషి కుంగుతాడు నాన్నా," అంది కృష్ణప్రియ మెల్లిగా. "నువ్వు తగ్గిపోయావు. చొక్కాలే వదులైపోయినయ్ కదా."

అయ్యుండొచ్చు. లెక్కల టీచరు. తప్పు చెప్పదు. కానీ అతని చెవిలో ఇంకోమాట వినబడింది. ఎన్నిసార్లు జరగమన్నాడో, ఎన్నిసార్లు దిగి నడవమందో.

కుడివైపు అద్దం మీద పళ్ళెమంత ఆవిరి ఇంకా ఆరలేదు. దానికవతల ఇంటి గుమ్మం కనబడుతోంది. షెడ్డు కట్టించినప్పుడు ఆమే అలా పెట్టించింది, దిగితే తిన్నగా ఇంట్లోకే నడిచిపోయేలా. ఆ ఒక్కసారే దిగలేదు.

వరప్రసాదరావు పక్కకి ఒరిగి, స్టీరింగు ముందునించి చెయ్యి సాచి, ఆమె వైపు తలుపు గొళ్ళెం లాగాడు. రాలేదు. భుజంతో నెట్టాడు. ఇంకోసారి నెట్టాడు. తలుపు గుమ్మంవైపు బార్లా తెరుచుకుంది. ఎండ లోపలికొచ్చి ఖాళీ సీటు మీద పడింది.

అలా ఒరిగే కాసేపు ఉన్నాడు. ఒకళ్ళు దిగడానికి పట్టేంతసేపు. తర్వాత లేచి, తన వైపునించి బయటికొచ్చి, తాళంచెవి ఎడ్విన్ చేతిలో పెట్టాడు.

"తీసుకుపో."

"బాగుచేయడానికాండి?"

"అమ్మాను."

"నాన్నా," అంది కృష్ణప్రియ. "అడిగింది నేను కదా. బయటివాళ్ళకిస్తావా?"

"నీకెందుకు? ఉత్త కారు ఇప్పుడది."

"అమ్మది."

"అమ్మ అందులో కూర్చుని లేదన్నావుగా. నీ మాటే."

ఆమె కళ్ళు నిండాయి. తుడుచుకోలేదు. తండ్రిని అలాగే చూసి, లారీ కదలకముందే బస్టాండుకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమె ఫోను చాలాకాలం మోగలేదు. మోగదని అతనికి ఆ నిమిషంలోనే తెలుసు. అయినా వెనక్కి పిలవలేదు.

కారుని లారీ మీదికి ఎక్కించి, తాళ్ళు బిగించి తీసుకుపోయారు. షెడ్డు నేల మీద పొడిగా, తెల్లగా కారు ఆకారం మిగిలింది. కిషోర్‌బాబు దగ్గరికొచ్చాడు.

"అన్నయ్యా, ఇవాళ మాతో అన్నం తిను."

"గిన్నెలో పెట్టి పంపించు," అన్నాడు వరప్రసాదరావు. "ఎప్పట్లాగే."

గీతాంజలి కుర్చీలోంచి లేవడానికి చెయ్యి చాపితే మాత్రం పట్టుకుని లేపాడు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. ఆమె అంది, "థాంక్స్ పెదనాన్నా." దేనికో అతనికి అర్థం కాలేదు. అడగలేదు.

ఆ రోజు పొద్దుగూకినా వీధి తలుపు తీసే ఉంచాడు. కుక్కలొస్తాయని తమ్ముడి పెళ్ళాం గోడమీంచి హెచ్చరించింది. రానీ అన్నాడు.

తెల్లవారింది. చలికి మంచం మీద ముడుచుకుని ఉన్నవాడు కళ్ళు తెరిచాడు. ఇన్నేళ్ళుగా మంచం నడిమధ్యన పడుకునేవాడు, ఇప్పుడు ఎడమ అంచున ఉన్నాడు. ఎప్పుడు జరిగాడో తెలియదు. కుడివైపు కిటికీ అద్దం చూశాడు. బయట మంచు లేదు. ఎదురుగా షెడ్డూ, తెల్లటి నేలా స్పష్టంగా కనబడుతున్నాయి, ఒక్కచోట తప్ప. అక్కడ అద్దానికి లోపలినించి ఆవిరి పట్టి ఉంది. పొట్టిమనిషి నోటి ఎత్తున, పళ్ళెమంత.

అతను ముట్టుకోలేదు. ఊపిరి బిగబట్టి చూశాడు. ఆవిరి అంచు కొంచెం జరిగింది, తగ్గింది, మళ్ళీ జరిగింది.

గోడకవతల కిషోర్‌బాబు దగ్గాడు. గీతాంజలి కాబోలు, ఎవరితోనో ఏదో అని నవ్వింది. వాళ్ళ లెక్క ప్రకారమైతే ఇప్పుడు మూయవలసింది ఈ ఇల్లు. ఉమాకాంతానికి కబురు పెట్టాలి. శాంతి చేయించాలి.

వరప్రసాదరావు లేచి వెళ్ళి, రాత్రంతా తెరిచి ఉన్న వీధి తలుపు దగ్గరికి వేశాడు. గొళ్ళెం పెట్టాడు. వచ్చి, తన అంచునే పడుకుని, కాళ్ళు సాచాడు.

"మిర్చి ఇంకా పడింది," అన్నాడు.